కడుపు ఆమెది, లెక్క ఎవరిది?

1828లో న్యూయార్క్ రాష్ట్రం కింగ్‌స్టన్‌లో ఒక నల్లజాతి స్త్రీ కోర్టు మెట్లెక్కింది. చదవడం, రాయడం రాదు. చిన్నప్పుడు మాట్లాడిన భాష డచ్. ఇంగ్లీషు తర్వాత వచ్చింది, అదీ దెబ్బలు తింటూ. రెండేళ్ల కిందట ఒక తెల్లవారుజామున చంటిపిల్లను చంకనేసుకుని యజమాని ఇంట్లోంచి నడిచి వచ్చేసింది. పేరు ఇసబెల్లా. కోర్టును ఆమె అడిగింది ఒక్కటే, నా కొడుకును నాకు తెప్పించండి అని. పీటర్ అనే ఆ చిన్న పిల్లవాడిని పాత యజమాని అమ్మేస్తే, చేతులు మారి మారి అలబామా చేరాడు. బానిసలను రాష్ట్రం దాటించి అమ్మడం న్యూయార్క్ చట్టం ప్రకారం నేరం. ఇసబెల్లా దాన్నే పట్టుకుంది. క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాళ్లు కొందరు సాయం చేశారు. కేసు గెలిచింది. పిల్లవాడు వచ్చాడు కానీ, ఒళ్లంతా దెబ్బల మచ్చలు. భయంతో మొదట ఈమె నా తల్లి కాదన్నాడు.

ఆ ఇసబెల్లాయే తర్వాత సోజర్నర్ ట్రూత్‌గా లోకానికి తెలిసింది. స్త్రీవాద వ్యాసాల్లో, సభల్లో ఆమె పేరు దాదాపు ప్రతిసారీ ఒకే వాక్యంతో కలిసి వస్తుంది: ‘నేను స్త్రీని కానా?’ 1851లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో జరిగిన మహిళా హక్కుల సభలో ఆమె మాట్లాడిన మాట నిజమే. అయితే పత్రికా సంపాదకుడు మారియస్ రాబిన్సన్ ఆ ప్రసంగాన్ని కొన్ని వారాలకే అచ్చువేశాడు, అందులో ఈ వాక్యం లేదు. అది కనిపించేది పన్నెండేళ్ల తర్వాత, 1863లో, ఆ సభకు అధ్యక్షత వహించిన శ్వేతజాతి ఉద్యమకారిణి ఫ్రాన్సెస్ గేజ్ రాసిన పాఠంలో. గేజ్ ఆమె నోట దక్షిణాది బానిసల యాస పెట్టింది. పదమూడుగురు పిల్లలను కన్నానని, దాదాపు అందరినీ అమ్మేశారని చెప్పించింది. ట్రూత్ పుట్టి పెరిగింది న్యూయార్క్‌లో. ఆమెకు పిల్లలు ఐదుగురు.

గేజ్ దురుద్దేశంతో ఆ పని చేసిందని నేననుకోను. సభలో కన్నీళ్లు పెట్టించాలంటే పిల్లలందరినీ పోగొట్టుకున్న తల్లి కావాలి. కోర్టుకెక్కి, చట్టం చూపించి కొడుకును వెనక్కి తెచ్చుకున్న తల్లి ఆ బొమ్మలో ఇమడదు. నల్లజాతి స్త్రీల మాతృత్వం గురించి ఇతరులు మాట్లాడినప్పుడల్లా జరుగుతూ వచ్చింది ఇదే. ఆమె కడుపుకోత మీద జాలి దొరుకుతుంది, ఆమె హక్కు మీద మాట దొరకదు.

ఆ హక్కు ఎప్పుడు పోయింది? తేదీ చెప్పొచ్చు. ఎలిజబెత్ కీ అనే స్త్రీ ఇంగ్లీషు తండ్రికీ ఆఫ్రికన్ తల్లికీ పుట్టింది. ఇంగ్లీషు సంప్రదాయంలో బిడ్డ హోదా తండ్రిని బట్టి వస్తుంది, మనకు ఇంటిపేరు వచ్చినట్టే. ఆ వాదన కూడా పెట్టి 1656లో వర్జీనియాలో ఆమె స్వేచ్ఛ గెలుచుకుంది. ఆరేళ్లు దాటాయో లేదో, 1662 డిసెంబరులో, వర్జీనియా శాసనసభ రూలు తిప్పేసింది. ఇకపై బిడ్డ బానిసా కాదా అన్నది తల్లిని బట్టే. మిగిలిన ప్రతిదానికీ తండ్రినే చూసే సమాజం ఈ ఒక్క విషయంలో తల్లికి పెద్దపీట వేసింది. ఎందుకో వేరే చెప్పాలా? బానిస స్త్రీని చెరిచిన యజమానికి తండ్రిగా బాధ్యత తప్పింది, పైగా ఆస్తి పెరిగింది.

1808లో విదేశాల నుంచి బానిసలను దిగుమతి చేసుకోవడం నిషిద్ధమైంది. ఆ తర్వాత తోటలకు కొత్త చేతులు రావాల్సింది ఈ తల్లుల కడుపుల్లోంచే. 1810 జనాభా లెక్కల్లో బానిసలు సుమారు 12 లక్షలు, 1860 నాటికి దాదాపు 40 లక్షలు. రెండేళ్లకో బిడ్డను కనే స్త్రీ తోటలోని మేటి మగకూలీ కంటే ఎక్కువ లాభసాటి అని థామస్ జెఫర్సన్ 1820లో ఒక ఉత్తరంలో లెక్క చెప్పాడు. మనుషులందరూ సమానంగా పుట్టారని రాసిన చెయ్యే అది. సంతలో చూడి గేదెకు ఎక్కువ ధర కట్టే పద్ధతి తెలిసినవాళ్లకు ఈ ఉత్తరానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

తర్వాతి రెండు వందల ఏళ్ల పోరాటాల్లో నల్లజాతి స్త్రీల దారి వేరైంది ఇక్కడే. మధ్యతరగతి శ్వేతజాతి స్త్రీకి ఇల్లూ పిల్లలే ప్రపంచమని చెప్పి గుమ్మం దాటనివ్వలేదు. ఆమె ఉద్యమం ఆ గుమ్మం దాటడం కోసం మొదలైంది, న్యాయమే. నల్లజాతి స్త్రీని గుమ్మంలో ఉండనిచ్చిందెవరు? పొలంలో ఉంది, లేదంటే పరాయి పిల్లకు పాలిస్తూ యజమాని ఇంట్లో ఉంది. తన బిడ్డ తన దగ్గర ఉండటమే ఆమెకు అందని హక్కు. ‘మాతృత్వం స్త్రీకి సంకెల’ అన్న నినాదం ఆమెకు సగమే వర్తిస్తుంది. మిగతా సగం అసలు ఎవరి నినాదాల్లోనూ లేదు.

ఈ శరీరం మీద వైద్యం ఏం చేసిందన్నది ఇంకో కథ. 1845 నుంచి 1849 వరకు అలబామాలోని మాంట్‌గోమరీలో జె. మారియన్ సిమ్స్ అనే డాక్టరు బానిస స్త్రీల మీద ప్రయోగాలు చేశాడు. రోజుల తరబడి పురిటినొప్పులు పడి, లోపల చీలికలు ఏర్పడి, మూత్రం ఆగకుండా కారే స్థితిలో ఉన్నవాళ్లు వాళ్లు. అనార్కా, బెట్సీ, లూసీ అన్న మూడు పేర్లు మిగిలాయి. అనార్కా ఒక్కదానికే ముప్ఫై దాకా ఆపరేషన్లు, మత్తు లేకుండా. ఆయనను స్త్రీవ్యాధుల వైద్యానికి పితామహుడన్నారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు. 2021లో మాంట్‌గోమరీలో మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి ఆ ముగ్గురు స్త్రీల విగ్రహాలు నిలబెట్టింది. మాంట్‌గోమరీ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఓటు హక్కు ఉద్యమం కథ చాలామందికి తెలిసిందే కాబట్టి ఒక్క మనిషి దగ్గర ఆగుతాను. ఐడా బి. వెల్స్ మూకహత్యల మీద నిప్పులు చెరిగిన పాత్రికేయురాలు. 1895లో పెళ్లి చేసుకుంది. మరుసటి ఏడాది నెలల పిల్లవాడిని వెంటబెట్టుకుని, బిడ్డను చూసుకోవడానికి ఆయాను ఏర్పాటు చేయించుకుని, ఇల్లినాయ్‌లో ఎన్నికల సభలు తిరిగింది. ఆమె పెళ్లి మహిళా ఉద్యమ నాయకురాలు సుసాన్ బి. ఆంథనీకి నచ్చలేదు. ఇంత పనికొచ్చే మనిషి సంసారంలో పడి రెండు పడవల మీద కాలు పెట్టిందని ఆమె బాధ. 1913 మార్చిలో వాషింగ్టన్‌లో ఓటు హక్కు కోసం జరిగిన ఊరేగింపులో వెల్స్‌ను వెనక వరుసలో నల్లవాళ్లతో నడవమన్నారు. ఆమె జనంలో నిలబడి, తన రాష్ట్రం బృందం ఎదురుగా రాగానే వెళ్లి అందులో కలిసిపోయింది. 1920లో స్త్రీలకు ఓటు వచ్చింది. దక్షిణాది నల్లజాతి స్త్రీలలో చాలామందికి అది నిజంగా చేతికందింది 1965 ఓటు హక్కుల చట్టం తర్వాతే.

బానిసత్వం పోయాక ఒక తమాషా జరిగింది, తమాషా అనదగ్గదైతే. నల్లజాతి బిడ్డ యజమానికి ఆస్తిగా ఉన్నంత కాలం ‘కను, కను’ అన్నారు. ఆ బిడ్డకు చదువు చెప్పించాల్సింది, తిండి పెట్టాల్సింది ప్రభుత్వమే అయ్యేసరికి ‘ఇక చాలు’ అన్నారు.

ఫానీ లూ హేమర్ మిసిసిప్పీలో పత్తి తోట కూలీ. 1961లో కడుపులో గడ్డ తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళితే, ఆమెకు చెప్పకుండా గర్భసంచి తీసేశారు. ఆ సంగతి ఆమె చెవిన పడింది కూడా డాక్టరు ద్వారా కాదు, తోటలో జనం చెప్పుకునే మాటల ద్వారా. ఇలాంటివి అక్కడ ఎంత మామూలంటే, దానికి ‘మిసిసిప్పీ అపెండిక్స్ ఆపరేషన్’ అని వెటకారపు పేరే ఉంది. మరుసటి ఏడాది ఆమె ఓటరుగా పేరు నమోదు చేయించుకోవడానికి వెళ్లింది, ఆ రోజే తోటలో పని పోయింది. 1964లో డెమొక్రటిక్ పార్టీ మహాసభ కమిటీ ముందు ఆమె చెప్పిన సాక్ష్యాన్ని దేశమంతా టీవీలో చూసింది. ఆమెను పౌరహక్కుల నాయకురాలిగా తలుచుకునేవాళ్లలో చాలామంది కడుపు సంగతి పక్కన పెట్టేస్తారు. ఈ రెండూ ఒకే కథ అని నాకనిపిస్తుంది. ఆమె పెంచుకున్న పెద్ద కూతురు 1967లో సరైన సమయంలో వైద్యం అందక చనిపోతే, ఆ కూతురి ఇద్దరు ఆడపిల్లలనూ హేమరే పెంచింది.

ఇప్పుడు మళ్లీ మాంట్‌గోమరీ. 1973 జూన్. ప్రభుత్వ నిధులతో నడిచే కుటుంబ నియంత్రణ క్లినిక్ వాళ్లు ఒక పేద నల్లజాతి ఇంటికి వచ్చారు. ఆ ఇంటి పేరు రెల్ఫ్. ఆడపిల్లలకు అప్పటికే డెపో-ప్రొవేరా అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇస్తున్నారు. ఇదీ అలాంటి సూదేనేమో అనుకుని చదువురాని తల్లి సంతకం చోట ఇంటూ గుర్తు పెట్టింది. పన్నెండేళ్ల పిల్లకూ పద్నాలుగేళ్ల పిల్లకూ ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేశారు. పెద్దక్క గదిలో తలుపేసుకుని తప్పించుకుంది. కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. ప్రభుత్వ నిధులతో ఏటా లక్ష నుంచి లక్షన్నర మంది పేదలకు ఇలాంటి ఆపరేషన్లు జరుగుతున్నాయని 1974లో జడ్జి గెసెల్ తీర్పులో రాశాడు. ఒప్పుకోకపోతే సాయం డబ్బు ఆపేస్తామని బెదిరించి చేయించినవీ అందులో ఉన్నాయన్నాడు.

ఇది చదువుతుంటే నాకు పటాన్‌చెరు గుర్తొస్తుంది. 1980ల మధ్యలో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను ఊళ్ల ఆడవాళ్లకు ఇస్తుంటే, అది ప్రయోగమని వాళ్లకు చెప్పలేదని హైదరాబాద్ స్త్రీ శక్తి సంఘటన సభ్యులు పట్టుకున్నారు. ఢిల్లీకి చెందిన సహేలీ తదితర సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. అలబామాలో ఇచ్చిన సూదికి ఇది దగ్గరి చుట్టం. నల్లజాతి స్త్రీల అనుభవమూ మన పేద స్త్రీల అనుభవమూ ఒకటేనని చెప్పడం నా ఉద్దేశం కాదు; బానిసత్వానికి పోలిక తేవడం తేలిక, తెచ్చాక నిలబెట్టడం కష్టం. కానీ కడుపును పైనుంచి చూసి లెక్కలు వేసే అలవాటు ఇక్కడా ఉంది. 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పోటీకి పనికిరారంది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2024 నవంబరులో, జననాల రేటు తగ్గిపోతోందని అదే నిబంధనను శాసనసభ తీసేసింది. ఆపమన్నప్పుడూ అడగలేదు, కనమన్నప్పుడూ అడగలేదు.

తిరిగి అమెరికాకు. నాకు ఈ చరిత్రలో అందరికంటే ఇష్టమైన మనిషి పేరు జానీ టిల్‌మన్. అర్కాన్సాలో కౌలుకూలీ ఇంట పుట్టి, లాస్ ఏంజెలెస్‌లో లాండ్రీలో చొక్కాలు ఇస్త్రీ చేసింది. ఆరుగురు పిల్లల తల్లి. జబ్బు చేసి పని మానాల్సి వచ్చి ప్రభుత్వ భృతి తీసుకుంది. అప్పట్లో భృతి అంటే అధికారులు అర్ధరాత్రి తలుపు కొట్టి, ఇంట్లో మగవాడు ఎవరైనా ఉన్నాడా అని మంచాల కింద వెతికే కాలం. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం ఇంటి పనివాళ్లనూ వ్యవసాయ కూలీలనూ పింఛను నుంచి తప్పించింది, అంటే దక్షిణాదిలో పనిచేసే నల్లజాతి స్త్రీలలో అత్యధికులను. మిగిలింది పిల్లల పేరిట ఇచ్చే ఈ భృతి. 1960లో లూసియానా రాష్ట్రం ‘ఇల్లు పిల్లలకు తగినది కాదు’ అన్న సాకుతో సుమారు 23,000 మంది పిల్లల పేర్లు ఒక్కసారిగా కొట్టేసింది, దాదాపు అందరూ నల్లజాతి పిల్లలే.

టిల్‌మన్ 1963లో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ ప్రాంతంలో తనలాంటి తల్లులతో సంఘం పెట్టింది. తర్వాత జాతీయ సంక్షేమ హక్కుల సంఘానికి అధ్యక్షురాలైంది. 1968లో షికాగోలో మార్టిన్ లూథర్ కింగ్ ఈ తల్లులను కలిశాడు. సంక్షేమ చట్టం గురించి వాళ్లు అడిగిన ప్రశ్నలకు తడబడుతుంటే, తెలియకపోతే తెలియదని చెప్పండి డాక్టర్ కింగ్, అంది టిల్‌మన్. ఆయన ఒప్పుకున్నాడు, నేర్చుకోవడానికే వచ్చామన్నాడు. 1972లో ఒక స్త్రీవాద పత్రికలో ఆమె రాసిన వ్యాసం ఇప్పటికీ పదునుగానే ఉంది: భృతి అనేది ఒక మొగుణ్ని వదిలి ప్రభుత్వం అనే మొగుణ్ని కట్టుకోవడం లాంటిదని, విడాకులిచ్చే హక్కు కూడా ఆ మొగుడికే ఉంటుందని. పిల్లలను పెంచడం పని కాదా, పని అయితే దానికి కూలి ఏదీ అని అడిగింది. శ్వేతజాతి స్త్రీలు ఉద్యోగం చేసే హక్కు కోసం పోరాడుతున్న రోజుల్లో, తరతరాలుగా ఉద్యోగం చేస్తూనే ఉన్న ఈ స్త్రీలు ఇంట్లో పిల్లల దగ్గర ఉండే హక్కు అడిగారు. మహిళా ఉద్యమం దీన్ని అసలు సమస్యగా తీసుకోలేదు. రాజకీయం మాత్రం బాగా వాడుకుంది. 1976 ప్రచారంలో రోనాల్డ్ రీగన్ భృతితో కులికే మోసగత్తె కథ చెప్పుకుంటూ తిరిగాడు. 1996లో ఆ భృతి పద్ధతినే ఎత్తేశారు.

తప్పంతా శ్వేతజాతి స్త్రీలదే అని రాసి ముగించడం సులువు. కానీ ఇంట్లోనూ గొడవ ఉంది. 1960ల చివర నల్లజాతి ఉద్యమంలో కొందరు మగవాళ్లు గర్భనిరోధక మాత్రలు జాతిని అంతం చేసే కుట్ర అన్నారు, విప్లవం కోసం పిల్లల్ని కనమన్నారు. మిసిసిప్పీ కథ తెలిసినవాళ్లకు ఆ అనుమానం వెర్రి అనిపించదు. కానీ ఆ పిల్లలను మోసేది, పెంచేది ఎవరు? అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి స్త్రీ షర్లీ చిజమ్, ఆ వాదన మగవాళ్లు మగవాళ్ల కోసం చెప్పుకునేదని 1970లోనే తేల్చేసింది.

ఈ చిక్కుముడిలోంచే 1994లో షికాగోలో ఒక కొత్త మాట పుట్టింది. అబార్షన్ హక్కుల సభకు వచ్చిన పన్నెండు మంది నల్లజాతి స్త్రీలు పక్కగదిలో కూర్చుని ‘పునరుత్పత్తి న్యాయం’ అన్నారు. బిడ్డ వద్దనుకునే హక్కు, కావాలనుకునే హక్కు, కన్నవాళ్లను భద్రంగా పెంచుకునే హక్కు, ఈ మూడూ కలిపే అడగాలన్నారు. 800 మందికి పైగా సంతకాలతో పత్రికల్లో ప్రకటన వేశారు. ఆ పన్నెండు మందిలో ఒకరైన లొరెట్టా రాస్, డాల్కన్ షీల్డ్ అనే గర్భనిరోధక సాధనం వల్ల ఇరవైల్లోనే పిల్లలు పుట్టే అవకాశం కోల్పోయిన మనిషి. ‘ఎంపిక’ అన్న మాట ఆమెకు ఎందుకు చాలలేదో దీన్ని బట్టే తెలుస్తుంది. ఎంచుకోవడానికి ఎదురుగా రెండు దారులుండాలి. చేతిలో డబ్బు లేనివాళ్లకు, ఆసుపత్రి మీద నమ్మకం లేనివాళ్లకు ఒక్కోసారి ఒక్కటీ ఉండదు.

మూడో హక్కు మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ అసలు బరువు దానిదే. 1955లో మిసిసిప్పీలో చంపేసిన పద్నాలుగేళ్ల కొడుకు ఎమ్మెట్ టిల్ శవపేటికను షికాగోలో మూత తెరిచే ఉంచింది మామీ టిల్. నా బిడ్డకు ఏం చేశారో లోకం చూడాలంది. 2012లో పెట్రోలు బంకులో, కారులో పాటలు గట్టిగా పెట్టారన్న గొడవలో కొడుకును పోగొట్టుకున్న లూసీ మెక్‌బాత్ 2018లో జార్జియా నుంచి కాంగ్రెస్‌కు గెలిచింది. వీళ్లను తుపాకుల సమస్య కిందో, జాతి వివక్ష కిందో రాసేస్తాం. స్త్రీల హక్కుల పద్దులో వీళ్ల పేర్లు ఎందుకు ఉండవో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక ఈనాటి లెక్క. 2023లో అమెరికాలో ప్రతి లక్ష జననాలకు చనిపోయిన తల్లులు నల్లజాతిలో 50.3, శ్వేతజాతిలో 14.5, ఆసియా సంతతిలో 10.7 అని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పింది. కూతురి పురుటికి ఆరు నెలల వీసా మీద వెళ్లొచ్చే మన అమ్మలు చూసే అమెరికా చివరి అంకెలో ఉంటుంది. ఆ ఆసుపత్రి కారిడార్‌లోనే మొదటి అంకె కూడా ఉంటుంది. పేదరికమే కారణమైతే చదువూ సంపాదనా కాపాడాలి. కాపాడటం లేదు. డిగ్రీ చదివిన నల్లజాతి స్త్రీలలో గర్భధారణ సంబంధిత మరణాల రేటు, హైస్కూలు కూడా దాటని శ్వేతజాతి స్త్రీలలో కంటే ఎక్కువ అని 2019లో వచ్చిన సీడీసీ అధ్యయనం తేల్చింది. డబ్బూ పేరూ కూడా చాలవని సెరీనా విలియమ్స్ చెప్పింది. 2017లో సిజేరియన్ అయిన మర్నాడు ఊపిరి ఆడక, తనకు రక్తం గడ్డకట్టే జబ్బుందని, స్కాన్ చేయమని తనే అడిగితే, మందుల మత్తులో ఏదో అంటోందనుకుంది నర్సు. చివరికి స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించాయి.

ఇలా వినేవాళ్లు లేకుండా పోవడం వెనక ఒక చరిత్ర ఉంది. దక్షిణాదిలో తరాల పాటు పురుళ్లు పోసింది నల్లజాతి మంత్రసానులు. 1921 తర్వాత వాళ్లకు శిక్షణ అన్నారు, లైసెన్సు అన్నారు, శుభ్రత పేరుతో సంచులు వెతికారు, 1970లు వచ్చేసరికి చాలాచోట్ల ఆ వృత్తే లేకుండా చేశారు. కొంత మేలు జరిగిందేమో కాదనను. పోయింది మాత్రం, నొప్పి అంటే నమ్మే మనిషి పక్కన ఉండటం.

2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు అబార్షన్ హక్కును కొట్టేసింది. దక్షిణాది రాష్ట్రాలు వరుసగా కఠిన చట్టాలు అమలు చేశాయి. 2025 ఫిబ్రవరిలో జార్జియాలో ముప్ఫై ఏళ్ల నల్లజాతి నర్సు ఒకామె విపరీతమైన తలనొప్పితో ఆసుపత్రికి వెళితే మందులిచ్చి ఇంటికి పంపారని కుటుంబం చెప్పింది. మర్నాటికి మెదడులో గడ్డలు బయటపడ్డాయి, బ్రెయిన్ డెడ్ అన్నారు. అప్పటికి తొమ్మిది వారాల గర్భం. రాష్ట్ర చట్టం వల్ల యంత్రాలు తీయలేమని ఆసుపత్రి చెప్పిందని ఇంట్లోవాళ్లు అన్నారు; ఆ చట్టం అలా చెప్పడం లేదని రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం అంది. ఈ నిర్ణయం మాకు వదిలేయాల్సిందని ఆమె తల్లి అంది. ఎవరూ వదల్లేదు. జూన్ 13న ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లవాడు, కిలో కూడా లేడు. నాలుగు రోజుల తర్వాత తల్లికి పెట్టిన యంత్రాలు తీసేశారు.